నేను తీసేసిన ముక్క

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. మా పెదనాన్న కూతురు ఒకసారి గుండుగొలను దగ్గర హైవే పక్కన తెల్లచీర మనిషి కనపడిందని వణికిపోతూ చెబితే, "అస్తమానం తెల్లచీరే కడితే మాసిపోదుటే, ఉతికేదెవరు?" అని అడిగి దాని చేత తిట్లు తిన్నదాన్ని. నాకు నోరెక్కువని ఇంట్లో అందరూ అంటారు. నోటితోపాటు అనుమానం కూడా ఎక్కువే. కూరగాయల బండి దగ్గర అందరూ కాయల్ని చూస్తారు, నేను తూకం వేసేవాడి వేలు చూస్తాను.

నేను చెప్పబోయే దాంట్లో తెల్లచీరలు లేవు. శ్మశానం లేదు, అర్ధరాత్రి లేదు. అంతా పట్టపగలు, నలుగురి ఎదుట జరిగింది. ఒక కంప్యూటర్ ప్రోగ్రాములోంచి నేను నా చేత్తో తీసేసిన చిన్న ముక్క గురించి ఇది. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

ఏలూరులో ఇళ్లకి బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. పవర్‌పేటలో ఒక మేడ మీద మా ఆఫీసు. ఓనరు మురళి గారు, నేను, నాకన్నా చిన్నవాడైన సుధాకర్ అనే ప్రోగ్రామరు, ఇంకో ఇద్దరు. మురళి గారు గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కోపం వస్తే ఆయన మాటల్లో అండీలు పెరుగుతాయి, అంతే.

మా వారు తాడేపల్లిగూడెంలో లెక్చరరు. పెళ్లయ్యాక నేను హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి వచ్చాను. ప్రోగ్రాములు రాసే పని ఏలూరులో నాకు ఆ ఒక్కచోటే దొరికింది. అది పోతే ఏ కంప్యూటర్ సెంటర్లోనో పిల్లలకి టైపింగ్ నేర్పుకుంటూ కూర్చోవాలి. అందుకని ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం.

మేము రాస్తున్నది ఒక లైబ్రరీ. పుస్తకాలుండే లైబ్రరీ కాదు. వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకోవడానికి ముందే రాసి ఉంచే పనిముట్ల పెట్టె లాంటిది. మాది చేపపిల్లల హేచరీల కోసం. తొట్లలో నీటికి ఆక్సిజన్ ఎంత ఉందో తీగల ద్వారా చదువుతుంది. తగ్గితే గాలి కొట్టే బ్లోయర్ ఆన్ చేస్తుంది. అదీ పనిచేయకపోతే సైరన్ మోగిస్తుంది.

హైదరాబాదు కంపెనీ ఒకటి దాన్ని తీసుకుంటామంది. ముందు ఒక హేచరీలో నడిపి చూపించమంది. కైకలూరు దారిలో, కొల్లేరు దగ్గర, మురళి గారికి తెలిసిన రాజుగారి హేచరీలో పెట్టాం. అక్కడ బొచ్చె, శీలావతి పిల్లలు. గోరంత కూడా ఉండవు. బ్లోయర్ ఆగి, సైరన్ కూడా మోగకపోతే ఆ తొట్లలో ఒక్కటి కూడా మిగలదు.

ఆ లైబ్రరీలో మెమరీ పంచే భాగం నాది. ప్రోగ్రాము చేసే ప్రతి చిన్న పనికీ కాస్త మెమరీ కావాలి. ప్రతిసారీ కంప్యూటర్‌ని అడిగితే ఆలస్యం. అందుకని ఒకేసారి పెద్ద మొత్తం తెచ్చిపెట్టుకుని, అడిగినవాళ్లకి ముక్కలుగా ఇచ్చి, పనయ్యాక తిరిగి తీసుకునేలా సొంతంగా రాశాను. దీన్ని మా భాషలో అలొకేటర్ అంటారు. ఇంట్లో బియ్యం డబ్బా, సోల అనుకోండి. ఇచ్చిన ముక్క తిరిగి రాకపోతే అది లీకు. అలాంటివి పెరిగిపోతే డబ్బా ఖాళీ అయి ప్రోగ్రాము చచ్చుబడిపోతుంది.

బియ్యం డబ్బా అని ఊరికే అనలేదు. మాది దెందులూరు దగ్గర ఊరు, వరి పండించుకునే ఇల్లు. మా అమ్మ ఎంత అవసరం వచ్చినా డబ్బా అడుగు కనపడనిచ్చేది కాదు. కొత్త బియ్యం పోసేదాకా అడుగున గుప్పెడు ఉండాల్సిందే. చుట్టాలు దిగితే పక్కింట్లోంచి తెచ్చి వండేది గానీ ఆ గుప్పెడు ముట్టేది కాదు. ఎందుకమ్మా అంటే, "అడుగు చూపిస్తే డబ్బా అలుగుతుందే" అనేది. మనుషుల అలకలే తీర్చలేక చస్తుంటే డబ్బాల అలకలు కూడానా అని నవ్వేదాన్ని. పెళ్లయ్యాక మా ఇంట్లో నేనూ అలాగే గుప్పెడు ఉంచుతున్నానని ఒకరోజు మా వారు చూపించేదాకా నాకే తెలియదు.

ఆ అలవాటే ప్రోగ్రాములోకీ వచ్చింది. అడుగున ఒక ముక్కని ఎవరు అడిగినా ఇవ్వకూడదని రాశాను. మెమరీ అంతా అయిపోయినా సైరన్ మోగించడానికి మాత్రం అది పనికొస్తుంది. అందులో కొంత తెలివి ఉంది, కొంత అమ్మ చాదస్తమూ ఉంది. దాని సైజు కూడా వేరే ముక్కలతో కలిసిపోకుండా, ఎవరూ వాడని ఒక వంకర అంకె పెట్టాను. ఎక్కడ కనపడినా అది నాదేనని నేను పోల్చుకోగలను.

హేచరీలో కంప్యూటరు కొన్నాళ్లు బాగానే నడిచింది. తరవాత మందగించడం మొదలైంది. ఆపి మళ్లీ పెడితే సర్దుకునేది, కొన్నాళ్లకి మళ్లీ అదే వరస. ఎక్కడో లీకు ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు ప్రోగ్రాముని కొత్తగా పెట్టి కాసేపు నడిపి మూసి, తిరిగి రాని ముక్కలేమైనా ఉన్నాయా అని చూశాడు. ఒకటి కనపడింది. నేను కావాలని ఉంచుకున్నదే. "ఇదిగోండి మీ లీకు" అన్నాడు.

అది లీకు కాదు మొర్రో అన్నాను. ఆ ఒక్క ముక్క పెరగదు, తరగదు, దానివల్ల కంప్యూటరు మందగించదు. ఎంత చెప్పినా అతనికి ఎక్కలేదు. అసలెందుకు ఉంచారని అడిగితే నోరుజారి బియ్యం డబ్బా సంగతి చెప్పాను. నేను చెప్పినవాటిలో అదొక్కటే గుర్తుపెట్టుకున్నాడు. వెళ్లేముందు మురళి గారితో కూడా చెప్పి నవ్వాడు.

"తీసేయండి పద్మజ గారూ. తీసేశాక కూడా మందగిస్తే అప్పుడు వేరేచోట వెతుకుదామండి" అన్నారు మురళి గారు. నాకు ఒళ్లు మండింది. కానీ తీసేశాను. ప్రోగ్రాములో ముక్కని ఉంచమని రాసిన వరసలు, సైరన్‌కి దాన్ని ఇచ్చే వరసలు, ఆ వంకర అంకె, అన్నీ పీకేశాను. ఇక సైరన్ కూడా అందరిలాగే అడిగి తీసుకోవాలి, లేదంటే ఊరుకోవాలి. ఆఫీసు కంప్యూటర్లో నడిపి మూస్తే తిరిగి రాని ముక్కలు సున్నా. మురళి గారిని పిలిచి చూపించాను.

సుధాకర్ దాన్ని తీసుకెళ్లి హేచరీలో పెట్టాడు. సాయంత్రం అతను మెట్లెక్కి వచ్చిన తీరే నాకు నచ్చలేదు.

"ఇంకా ఒకటి ఉందండి మేడమ్" అన్నాడు.

సైజెంత అని అడిగాను. అదే వంకర అంకె చెప్పాడు.

నాకు మొదట వచ్చిన అనుమానం సుధాకర్ మీదే. మనిషి చెడ్డవాడు కాదు. భీమడోలు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు, ఆదివారాలు వాళ్ల చర్చిలో కీబోర్డు వాయించేవాడు. కానీ నా భాగం చెడ్డదని తేలితే దాన్ని కొత్తగా రాసే పని అతనికే వస్తుంది. మురళి గారు ఆ మాట అప్పటికే ఒకసారి అన్నారు. పాత ఫైలే పట్టుకెళ్లి పెట్టావా అని అడిగితే, నేనింకా పూర్తిగా అడగకముందే "నేనెందుకు అలా చేస్తానండి" అన్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు అనిపించింది.

మర్నాడు నేనే బయల్దేరాను. కొత్తగా తయారుచేసిన ప్రోగ్రాముని సీడీలో వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, కైకలూరు బస్సులో ఆ బ్యాగు ఒళ్లోంచి కదపకుండా కూర్చున్నాను. హేచరీలో పాత ఫైళ్లన్నీ చెరిపేసి నా చేత్తో ఎక్కించాను. సీడీలో ఉన్నదీ కంప్యూటర్లో ఉన్నదీ ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చి చూశాను. ఒకటే. నడిపాను, మూశాను.

ఒకటి ఉంది.

లెక్క చూపించేది కూడా నేను రాసిందే కదా, దాంట్లో తప్పుందేమోనని వేరేవాళ్లు రాసిన పరికరంతో చూశాను. అదీ ఒక ముక్క మిగిలిందనే చూపించింది. ముక్క లోపల ఏముందో తెరిచి చూశాను. ఏమీ లేదు. శుభ్రంగా, ఎవరి కోసమో తుడిచిపెట్టినట్టుగా ఖాళీగా ఉంది. అప్పుడు మొదటిసారి నా వీపు మీద చల్లగా అనిపించింది. వెంటనే ఫ్యాను గాలి అనుకున్నాను, నిజంగానే ఫ్యాను తిరుగుతోంది.

అనుమానం కంప్యూటర్ మీదికి మళ్లింది. రాజుగారి జీపులో దాన్ని ఏలూరు తెప్పించి ఆఫీసులో నడిపాం. సున్నా. ఆఫీసు కంప్యూటర్‌ని హేచరీకి పంపించాం. ఒకటి. తొట్ల తీగలన్నీ పీకేసి నడిపితే? అప్పుడూ ఒకటి. హేచరీ గేటు పక్కన వాచ్‌మన్ గదిలో పెట్టి నడిపితే సున్నా వచ్చింది. తొట్ల పక్క గదిలోకి తెస్తే మళ్లీ ఒకటి. ఆ గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి క్యాలెండరు, పైన ఫ్యాను తప్ప ఇంకేమీ లేవు. బల్ల కింద కూడా వంగి చూశాను. ఏం దొరుకుతుందనుకున్నానో నాకే తెలియదు.

ఆఫీసులో అండీలు పెరిగాయి.

"పద్మజ గారండీ, నేనేం అనుకోనండీ. నిజం చెప్పండి. తీయబుద్ధి కాలేదాండీ?"

తీసేశానన్నాను. ఒట్టు పెట్టాను. ఆయన తలూపారు, కానీ నిప్పు లేనిదే పొగెలా వస్తుందన్నట్టు కిటికీలోకి చూశారు. నెలాఖరుదాకా చూద్దామన్నారు. అప్పటికీ అది పోకపోతే నా భాగం మొత్తం సుధాకర్ కొత్తగా రాస్తాడు, నేను "కొన్నాళ్లు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవచ్చు". ఆ మెత్తని మాటకి అర్థం నాకు తెలుసు. ఉద్యోగం పోతుందన్న బాధ ఒక ఎత్తు, అబద్ధాలకోరునని ముద్ర వేసి పంపిస్తున్నారే అన్న ఉక్రోషం ఇంకో ఎత్తు. ఆ రోజు ఇంటికెళ్లి మా వారి మీద విరుచుకుపడ్డాను. పాపం ఆయన అన్నం పెట్టమని మాత్రమే అడిగారు.

సుధాకర్‌ని మొహం మీదే అడిగేశాను. అతను ఎర్రబడిపోయాడు.

"నా మీద అంత అనుమానమైతే నా చేతులు కట్టేసి కూర్చోబెట్టుకోండి మేడమ్" అన్నాడు.

సరే పద అన్నాను. ఇద్దరం హేచరీకి వెళ్లాం. అతన్ని గది గుమ్మంలో నాకు ఎదురుగా కూర్చోమన్నాను. నిజంగానే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ప్రోగ్రాముని మొదటినుంచీ అక్కడే, ఆ కంప్యూటర్ మీదే తయారుచేశాను. రాజుగారు కూడా కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చున్నారు. నడిపి మూశాను. ఒకటి. తలెత్తి సుధాకర్ వంక చూస్తే అతను నా చేతుల వంకే చూస్తున్నాడు. ఇన్నాళ్లూ నేను అతన్ని ఎలా చూశానో, అతనూ నన్ను అలాగే చూస్తున్నాడని అప్పుడు తెలిసింది.

రాజుగారు అరవై దాటిన మనిషి. "ఇంతకీ ఏంటమ్మా అది? అంత గొడవ పెడుతోంది?" అని అడిగారు. చెప్పాను. అడుగున గుప్పెడు అనగానే ఆయన నవ్వలేదు.

"మా ఇంట్లోనూ అంతేనమ్మా. ఉండనీ. అది మిమ్మల్నేమైనా అడుగుతోందా?"

"అది అడగట్లేదండీ, అందరూ నన్ను అడుగుతున్నారు" అన్నాను.

ఆ వారంలోనే జరిగింది. పొద్దుట్నుంచీ మబ్బు పట్టి ఉంది. ఆఫీసులో అందరం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నాం. మురళి గారికి ఫోనొచ్చింది. విని, "మోగిందాండీ? బతికాయాండీ?" అన్నారు. ఫోను పెట్టేసి మా అందరి వంకా చూసి, చివరికి నా దగ్గర ఆగారు.

హేచరీలో కరెంటు పోయిందట. జనరేటర్ అందుకుంది గానీ ఆ కుదుపుకి బ్లోయర్ బెల్టు తెగింది. మబ్బు రోజు, నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. పిల్లలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కూలీలు దూరంగా అన్నాలు తింటున్నారు. కంప్యూటరు యూపీఎస్ మీద ఆరిపోకుండా ఉంది గానీ అప్పటికే బిగుసుకుపోయి ఉంది. అలాంటప్పుడు సైరన్ మోగిందట. కూలీలు పరిగెత్తుకొచ్చి, పంపులు పెట్టి పైనుంచి నీళ్లు కొడుతూ తొట్లన్నీ నిలబెట్టారు.

మురళి గారి కారులో ముగ్గురం వెళ్లాం. కంప్యూటర్లో మా ప్రోగ్రాము వదిలిన జాడ అలాగే ఉంది. మెమరీ అయిపోయింది, అయిపోయింది, అయిపోయింది అని ఎవరు అడిగినా కాదంటూ వచ్చింది. అందరికీ కాదంది. చివర్న సైరన్ అడిగింది. దానికి ఇచ్చింది. ఇచ్చిన ముక్క సైజు ఆ వంకర అంకే.

సైరన్ అడిగేది చాలా చిన్న ముక్క. మిగతావాళ్లలాగే దానికీ లేదనాలి. అంత ముక్క తీసి ఇచ్చే వరస ఆ ప్రోగ్రాములో లేదు. ఆ అంకే అందులో ఎక్కడా లేదు. కుర్చీలో కూర్చుని మొత్తం మళ్లీ వెతికాను. సుధాకర్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

అసలు లీకు కూడా ఆ రోజే దొరికింది. ఒక తొట్టి తీగ వదులుగా ఉంది. అది తప్పు కొలత పంపినప్పుడల్లా, ఆ కొలతలు చదవడానికి బయటినుంచి తెచ్చి వాడిన ప్రోగ్రాము కాస్త మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వడం లేదు. అది ఎప్పుడో గానీ జరగదు కాబట్టి, కాసేపు నడిపి మూసి చూసినప్పుడు మాకు కనపడలేదు. తీగ బిగించి, ఆ ప్రోగ్రాము మార్చాక కంప్యూటరు మళ్లీ ఎప్పుడూ మందగించలేదు. నా అలొకేటర్ తప్పు అందులో ఆవగింజంత కూడా లేదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపే రాజుగారు అందుకున్నారు.

"ఈ అమ్మాయి గట్టిదండి మురళి గారూ. మీరంతా తీసేయమన్నా తీయకుండా ఉంచింది. లేకపోతే నా తొట్లన్నీ పోయేవి."

"అవునండి" అన్నారు మురళి గారు. నా వైపు తిరిగి, "మీరు నా మాట వినకపోవడమే మంచిదైందండి పద్మజ గారూ" అన్నారు. ఆయన మొహంలో కోపం లేదు, నిజమైన కృతజ్ఞత ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నేను తీసేశానండీ" అన్నాను.

అందరూ నవ్వారు. "సరేలేమ్మా, తీసేశావులే" అన్నారు రాజుగారు, మారాం చేసే పిల్లని సముదాయించినట్టు.

నా కుర్చీ నాకు మిగిలింది. హైదరాబాదు కంపెనీ లైబ్రరీ తీసుకోవడమే కాదు, అడుగున ముక్క ఉంచే పద్ధతిని బాహాటంగానే పెట్టమంది. అప్పుడు నవ్విన ఇంజనీరే ఫోన్ చేసి అడిగాడు. తీసేసిన వరసల్ని మళ్లీ ఒక్కొక్కటీ రాశాను. ఆఫీసులో నడిపి మూస్తే ఒకటి ఉంది. ఉండాల్సిందే కదా, ఇప్పుడు నేను పెట్టాను.

దాన్ని హేచరీకి నేనే తీసుకెళ్లాను. ఆ గదిలో నడిపి మూశాను. తెర మీద రెండు ఉన్నాయి.

రెండూ ఒకే సైజు. రాజుగారు గుమ్మంలోంచి, "అంతా బాగానే ఉందామ్మా?" అని అడిగారు. బాగానే ఉందండీ అని చెప్పి తెర ఆపేశాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే, "రెండోది కూడా ఎప్పుడు దాచావు?" అంటారు.

ఆ తరవాత కొన్నేళ్లకి రాజుగారు హేచరీ మానేశారు. ఆ కంప్యూటరు ఎవరికి అమ్మారో తెలియదు. అమ్మకి మాత్రం ఒకసారి మొత్తం చెప్పాను, ఆ రెండు ముక్కల సంగతి తప్ప. మా అమ్మ కంప్యూటర్ ముట్టుకోలేదు, కానీ శ్రద్ధగా విని, "నువ్వు తీసుండవులేవే, నాకు తెలీదూ నీ సంగతి" అంది. మెచ్చుకోలుగానే అంది. లోపలికెళ్లి కాసేపు ఏడ్చాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను?

సుధాకర్ ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తాడు. పిల్లల సంగతులు అయ్యాక ప్రతిసారీ అడుగుతాడు.

"ఇప్పటికైనా చెప్పండి మేడమ్, ఎక్కడ దాచారండి? నేనెంత వెతికినా దొరకలేదు."

మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు నేనూ నవ్వేస్తున్నాను. వాళ్లందరి దగ్గరా ఒక సమాధానం ఉంది, నేను అబద్ధమాడానని. దాంతో అన్నీ అతికినట్టు సరిపోతాయి. నా ఉద్యోగం నిలబడింది కూడా ఆ సమాధానం వల్లే. ఒక్కోసారి నాకే అనిపిస్తుంది, నేనూ దాన్నే నమ్మేస్తే హాయిగా ఉంటుంది కదా అని. చాలాసార్లు ప్రయత్నించాను. కానీ ఆ ముక్కని తీసేసింది నేనే.